అక్క ముందుగా ఫోన్ పెట్టదు

చనిపోయిన పదిహేడో రోజున, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, అక్క ఫోన్ చేసింది.

తాపీ అప్పుడు చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు. సూది చేతిలో ఉండగానే రిసీవర్ ఎత్తాడు. "ఒరేయ్, తిన్నావా?" అంది అక్క. "తిన్నానక్కా" అన్నాడు. అనేశాక గుర్తొచ్చింది, అక్కని చివరిసారి మోసిన నలుగురిలో తనూ ఒకడని.

సూది అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. అక్క మాత్రం తీరిగ్గా మాట్లాడుతోంది. మోకాలి నొప్పి తగ్గలేదంది. కుట్టుమిషన్లు అమ్ముడుపోతున్నాయా అని అడిగింది. కిటికీ గడియ బాగుచేయించుకో, లేకపోతే జల్లు లోపలికి కొడుతుందంది. గొంతులో ఆ చిన్న జీర, వాక్యం మధ్యలో ఊపిరి తీసుకునే తీరు, "మరి" అనే మాటని సాగదీసే పద్ధతి, అన్నీ అక్కవే. "సరే, ఉంటాను మరి" అని పెట్టేసింది. డయల్ టోన్ మోగుతూనే ఉంది. సూది ఎప్పుడు గుచ్చుకుందో ఏమో, తెల్లచొక్కా మీద ఎర్రటి చుక్క పడింది.

తాపీ అనేది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. డిపార్ట్‌మెంట్లో పెట్టింది. బాంబు పేలడానికి నిమిషం ఉన్నా చెప్పుల పట్టీ సరిచేసుకుని గానీ కదలడని అందరికీ అతనంటే ఒళ్లుమంట. ఇరవై ఆరేళ్లుగా గూఢచారి. అక్కకి మాత్రం కుట్టుమిషన్ల సేల్స్‌మన్‌నని చెప్పాడు. అమ్మ పోయాక తనని పెంచి పెద్దచేసిన మనిషికి వారానికి రెండుసార్లు ఫోన్ చేసి, అమ్ముడుపోని మిషన్ల గురించి, వెళ్లని ఊళ్ల గురించి కథలు చెప్పేవాడు. ఆవిడ "పోన్లేరా, వచ్చే నెల అమ్ముడవుతాయి" అని ఓదార్చేది. ఏదో ఒకరోజు నిజం చెప్పేద్దామనే అనుకున్నాడు పాపం. ఆ రోజు రాకుండానే పోయింది.

అక్కనైతే దేశం మొత్తం ఎరుగును. ప్రధాన టెలిఫోన్ ఎక్స్ఛేంజికి ఆవిడ కంట్రోలర్. అంతకంటే పెద్ద సంగతి, ఫోన్లో వినిపించే ప్రకటనలన్నీ ఆవిడ గొంతే. లైన్లు రద్దీగా ఉన్నా, నంబరు తప్పయినా, అవతలివాళ్లు ఎత్తకపోయినా, ఆ సంగతి చెప్పేది ఆవిడే. అందుకే జనం లైనక్క అన్నారు. మనిషి పోయినా గొంతు పోలేదు. ఈ పదిహేడు రోజులూ బస్సులో, బ్యాంకులో, మంగలి షాపులో ఎవరో ఒకరి ఫోన్లోంచి అక్క పలుకుతూనే ఉంది. తాపీ ఎక్కడికని పారిపోతాడు?

అరగంటలో అతను పాస్‌పోర్టు ఫొటోల స్టూడియోలో ఉన్నాడు. "కళ్లు మూసుకున్న ఫొటో కావాలి" అన్నాడు. "కళ్లు మూస్తే గ్యారంటీ ఇవ్వం" అన్నాడు కౌంటరు దగ్గర మనిషి, తల కూడా ఎత్తకుండా. కోడ్ సరిపోయింది. నల్ల తెర వెనక తలుపు తెరుచుకుంది.

లోపల డైరెక్టర్ పెన్సిల్ చెక్కుతూ, ఫోన్ వచ్చిన సంగతి విన్నాడు. పరామర్శలు ఆయనకి చేతకావు. ఫైలు ముందుకు తోసి, అక్కది గుండెపోటు కాదన్నాడు. మెడ వెనక సూది గుర్తు ఉందట. ఎక్స్ఛేంజి లిఫ్టులో, మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య పని పూర్తిచేశారట. తాపీ ఆ ఫొటోల వైపు చూడలేదు.

"సైలెన్స్ అని ఒక రింగ్" అన్నాడు డైరెక్టర్. "విదేశీ ముఠా. పైకి కన్సల్టెన్సీ. ఎల్లుండి మధ్యాహ్నం పన్నెండింటికి ఈ దేశంలో ఆరు గంటలపాటు ఒక్క ఫోన్ కూడా మోగకుండా చేస్తారు."

"ఆరు గంటలేగా సార్."

డైరెక్టర్ పెన్సిల్ కింద పెట్టాడు. ఓడరేవులో క్రేన్ లేవాలంటే ముందు మెసేజ్ రావాలన్నాడు. బ్యాంకు కౌంటరు, కరెంటు సబ్‌స్టేషన్, రైలు సిగ్నల్, మందుల గోడౌన్ ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోబట్టే నడుస్తున్నాయన్నాడు. చేపలు పట్టేవాడు కూడా ఒడ్డుకి రాకముందే ఫోన్లో బేరం కుదుర్చుకుంటున్నాడు. "ఫ్యాక్టరీలు కట్టినవాళ్లు ఎకానమీ అంటే ఫ్యాక్టరీలే అనుకుంటారు. వాటి మధ్య నడిచే మాట ఆగితే తెలుస్తుంది, ఏది ఎకానమీయో. ఆరు గంటలకే మార్కెట్ కుప్పకూలుతుంది. ఏడో గంటలో ఆ కన్సల్టెన్సీ వాళ్లే వచ్చి, మేం బాగుచేస్తాం, మీ నెట్‌వర్క్ తొంభై తొమ్మిదేళ్లు మాకు రాసివ్వండి అంటారు. కాగితాలు రెడీగా ఉన్నాయి. నేను చూశాను."

ఎలా ఆపుతారో కూడా చెప్పాడు. ఎక్స్ఛేంజి కంప్యూటర్లో మాస్టర్ రిలీజ్ అనే కమాండ్ ఒకటుంది. అగ్నిప్రమాదం లాంటిది జరిగితే అన్ని లైన్లనీ ఒక్కసారిగా వదిలించేయడానికి పెట్టారు. కంట్రోలర్ ఫోన్ చేసి నోటితో చెబితే చాలు, గొంతు గుర్తుపట్టి పని మొదలుపెడుతుంది. ఆ గొంతు అక్కది.

"పోయిన మనిషి గొంతు ఇంకా తీసెయ్యలేదా?"

"ఫైలు నాలుగో టేబుల్ మీద ఉంది. డెత్ సర్టిఫికెట్ నకలు మీద స్టాంపు సరిగా పడలేదట."

తాపీకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండిటినీ మింగేశాడు. మరి తనకెందుకు ఫోన్ చేశారని అడిగాడు.

"అక్క గొంతుని తయారుచేశారు. ఆవిడ ఉంటే పసిగట్టేస్తుందని ముందే అడ్డు తొలగించుకున్నారు. యంత్రం మీద ప్రయోగించే ముందు నీ మీద ప్రయోగించి చూసుకున్నారు. తమ్ముడే నమ్మితే యంత్రం ఎంత? నువ్వేమన్నావ్?"

"తిన్నానక్కా అన్నాను."

తాపీకి తల తీసేసినట్టయింది. ముఠాకి పరీక్ష పాసయినట్టు సర్టిఫికెట్ ఇచ్చింది తనే కదా.

ఈ సమాచారమంతా తెచ్చింది కోయిల అనే ఏజెంట్. సౌండ్ ఇంజనీర్. ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంటుకి పనిచేస్తోంది. డిపార్ట్‌మెంటులో ఉంటూ ముఠాకి ఎంత పనిచేస్తోందో లెక్క తేలలేదని డైరెక్టరే ఒప్పుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఒక రేడియో స్టూడియోలో ఆమె తాపీని కలిసింది. గోడలకంతా మందపాటి దుప్పటి లాంటిది అంటించిన గది. తలుపు వేస్తే ఎవరి ఊపిరి వాళ్లకే వినిపిస్తుంది. ముదురాకుపచ్చ కోటు, పొట్టిగా కత్తిరించిన జుట్టు, చూపు తిప్పుకోనివ్వని ముఖం. కూర్చోమని చూపించిన కుర్చీలోనే ఆర్నెల్లపాటు మీ అక్కయ్యగారు కూర్చున్నారని చెప్పింది. జీవితకథ రికార్డు చేస్తామని నమ్మించి నాలుగొందల గంటలు మాట్లాడించానంది. చంపుతారని తెలియదంది. తాపీ ఆ కుర్చీలో కూర్చోలేదు. దాని చేతి మీద రంగు కాస్త చెదిరి ఉంది. అక్కకి మాట్లాడుతూ గోటితో గీకే అలవాటు.

"ఒక్కటి చెప్పండి" అంది కోయిల. "ఫోన్లో మీకు ఎక్కడైనా తేడా కొట్టిందా?"

పదిహేడు రోజులుగా అక్క గురించి అతన్నెవరూ ఏమీ అడగలేదు. అదే కొంపముంచింది.

"అక్క ముందుగా ఫోన్ పెట్టదు" అన్నాడు. "పాతకాలం ఆపరేటర్లంతా అంతే. అవతలి మనిషి పెట్టేదాకా లైన్ వదలకూడదని వాళ్లకి రూలు. ఇంట్లో కూడా అంతే. నువ్వు పెట్టెయ్‌రా, నువ్వు పెట్టెయ్ అంటూ నేను పెట్టేదాకా పట్టుకునే ఉండేది. నిన్న మాట్లాడింది ఉంటానని పెట్టేసింది."

"నిన్న కాదు, ఇవాళ పొద్దున" అంది కోయిల మెల్లగా. అతనికి రోజులు కూడా కలిసిపోతున్నాయి. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. తాపీ బయటికొచ్చి మెట్లు దిగుతూ ఆరో మెట్టు మీద ఆగిపోయాడు. ఆమె ముఠా గురించి ఏమీ చెప్పలేదు. ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. దానికి తను జవాబిచ్చేశాడు.

ఈ సంగతి విన్న డైరెక్టర్ తిట్టలేదు. "అయితే ఇక వాళ్ల అక్కకి ఆ లోపం కూడా ఉండదు" అన్నాడంతే. తిట్టినా బాగుండేదనిపించింది తాపీకి.

ఎల్లుండి రానే వచ్చింది. పదకొండింటికి ఏసీ మెకానిక్ వేషంలో, చెవికి వినికిడి మిషన్ తగిలించుకుని తాపీ ఎక్స్ఛేంజిలో అడుగుపెట్టాడు. ఆ వినికిడి మిషన్లో డైరెక్టర్ మాట వినిపించాలి. కానీ డిపార్ట్‌మెంట్ సామాను కదా, గాలి హోరు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

కంట్రోల్ హాలు చల్లగా ఉంది. గోడ పొడవునా వరసలు వరసలుగా పచ్చ దీపాలు. ఒక్కో వరస కింద చేత్తో రాసిన చీటీ: ఓడరేవు, రైల్వే, బ్యాంకులు, ఆసుపత్రులు. అక్క చేతిరాత. మధ్యలో ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది. వీపు మీద బూడిదరంగు స్వెటర్ అలాగే వేలాడుతోంది. డ్యూటీ ఇంజనీరు సన్నగా, గొంతు ఇంకా సన్నగా ఉండే మనిషి. పదకొండేళ్లు అక్క కింద పనిచేశాడట. ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వడం లేదు.

అక్క గొంతుని కంప్యూటర్లోంచి తీసెయ్యడానికి ఒకే దారి ఉందని అతను చూపించాడు. గాజుమూత కింద ఎర్ర మీట. అది నొక్కితే అక్క గొంతు మెమరీలోంచి చెరిగిపోతుంది. అయితే ప్రకటనలు కూడా అదే మెమరీలో ఉన్నాయి. "లైన్లు రద్దీగా ఉన్నాయి" నుంచి "దయచేసి వేచి ఉండండి" దాకా ఒక్క మాట మిగలదు. నకలు లేదు. "మేడం ఇంక ఎక్కడా ఉండరు సార్" అన్నాడు ఇంజనీరు.

"ఇప్పుడే నొక్కేస్తే?"

"నొక్కెయ్యొచ్చు. కానీ వాళ్లెవరో ఎప్పటికీ దొరకరు. కాల్ వస్తే లైన్ పట్టుకుని ట్రేస్ చెయ్యగలను. కంట్రోల్ లైన్ పాత రాగి తీగ సార్. ఎక్స్ఛేంజి తర్వాత ఎక్స్ఛేంజి వెనక్కి వెతుక్కుంటూ పోవాలి. వంద సెకన్లు కావాలి."

"వాళ్లు అంతసేపు లైన్లో ఉంటారా?"

"కమాండ్ ఇచ్చాక రెండు నిమిషాలు కౌంట్‌డౌన్, ఆలోపు వరస వెంట వరస లైన్లు తెగుతూ పోతాయి. మనసు మార్చుకుంటే ఫోన్ పెట్టేస్తే చాలు, రద్దయిపోతుంది. మేడం పెట్టించిన రూలే. ఉంటే రెండు నిమిషాలూ ఉండాలి."

పదకొండు యాభై ఎనిమిదికి కంట్రోల్ లైన్ మీద దీపం వెలిగింది. స్పీకర్లోంచి అక్క పలికింది. "ఎక్స్ఛేంజి, కంట్రోలర్‌ని మాట్లాడుతున్నా. మాస్టర్ రిలీజ్."

ఇంజనీరు చటుక్కున లేచి నిలబడ్డాడు. పదకొండేళ్ల అలవాటు. తర్వాత సిగ్గుపడి కూర్చుని, ట్రేస్ మొదలుపెట్టాడు. తెర మీద నూట ఇరవై పడింది. నూట పంతొమ్మిది. గోడ మీద ఓడరేవు వరసలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోసాగాయి.

తాపీ గాజుమూత తెరిచి మీట మీద వేలు పెట్టాడు. రెండో చేత్తో రిసీవర్ ఎత్తాడు. వాళ్లు బెదిరి మధ్యలో పెట్టేస్తే ట్రేస్ తెగిపోతుంది, రేపు ఇంకో లైన్లోంచి మళ్లీ చేస్తారు. మాటల్లో పెట్టాలి.

"అక్కా" అన్నాడు.

"ఒరేయ్, నువ్వెందుకున్నావురా అక్కడ?"

"మిషన్లు అమ్ముడుపోవట్లేదక్కా. ఇక్కడేదో పని ఉందంటే వచ్చా."

"అబద్ధాలు చెప్పకురా." గొంతులో చిన్న నవ్వు. "నువ్వు మిషన్లు అమ్మవని నాకు ఎప్పుడో తెలుసు."

తాపీ రిసీవర్ని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. రైల్వే వరస ఆరిపోయింది. బ్యాంకుల వరస సగానికొచ్చింది. తెర మీద అరవై నాలుగు. ఇది అక్క కాదని తెలుసు. ఎక్కడో ఒక గదిలో కూర్చుని ఎవరో టైపు చేస్తున్న మాటలని తెలుసు. అయినా చెవి వినదే! ఆ నాలుగొందల గంటల్లో అక్క నిజంగానే ఆ మాట అని ఉంటే? తెలిసి కూడా ఇరవై ఆరేళ్లు "వచ్చే నెల అమ్ముడవుతాయిలే" అంటూ ఓదార్చి ఉంటే?

"ఆ మీట మీంచి చెయ్యి తియ్యి నాన్నా" అంది గొంతు. "నన్ను చెరిపెయ్యకు. రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తా. నీకు నేను తప్ప ఎవరున్నార్రా?"

ఎవరూ లేరు. అది మాత్రం పచ్చి నిజం. వేలు మీట మీంచి కాస్త లేచింది. తెర మీద ముప్పై ఒకటి. ఆసుపత్రుల వరసలో మొదటి దీపం ఆరింది. ఇంజనీరు చూపు అతని వేలి మీదే ఉంది.

"అక్కా, నీకు ఎప్పుడు తెలిసింది? ఎలా తెలిసింది?"

అవతల ఊపిరి మాత్రం వినిపిస్తోంది. టైపు చేసేవాళ్ల దగ్గర దానికి సమాధానం లేదు. కానీ ఫోన్ పెట్టలేదు. కోయిలకి పాఠం బాగా ఒంటబట్టింది, అక్క ముందుగా ఫోన్ పెట్టదని. ఇరవై. పంతొమ్మిది. ఇంజనీరు బొటనవేలు పైకెత్తాడు. ట్రేస్ దొరికింది.

ఇక నొక్కెయ్యడమే. అయినా తాపీ పదహారు సెకన్లు ఆ ఊపిరి వింటూ ఉండిపోయాడు. అంత పెద్ద నెట్‌వర్క్, అంత పెద్ద దేశం, ఆ పదహారు సెకన్లూ ఒక తమ్ముడి బెంగ మీద వేలాడాయి. దానికి అతన్ని తర్వాత ఎవరూ తప్పుపట్టలేదు, ఎందుకంటే ఇంజనీరు రిపోర్టులో రాయలేదు.

"నేనే పెట్టేస్తున్నానక్కా" అన్నాడు. తెర మీద మూడు ఉండగా మీట నొక్కాడు.

కౌంట్‌డౌన్ ఒకటి దగ్గర ఆగింది. గొంతు సరిపోలలేదు, కమాండ్ రద్దు, అని తెర మీద పడింది. దీపాలు మళ్లీ వెలగడం మొదలెట్టాయి. ఇంజనీరు కళ్లు తుడుచుకున్నాడు. అంతలోనే దీపాలన్నీ ఎర్రగా మారాయి.

ఆ రెండు నిమిషాల్లో తెగిపోయిన కాల్స్ అన్నీ ఒకేసారి మళ్లీ వస్తున్నాయి. అందరికీ లైన్ దొరకదు. మామూలుగా అయితే దొరకనివాళ్లకి అక్క చెప్పేది, రద్దీగా ఉంది, కాస్త ఆగండి అని. జనం ఆగేవాళ్లు. ఇప్పుడు చెవిలో ఏమీ వినిపించడం లేదు. ఫోన్లు చచ్చిపోయాయనుకుని ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువ మంది చేస్తున్నారు. ఇంకో ఐదు నిమిషాలు ఇలాగే ఉంటే ఎక్స్ఛేంజి కూలిపోతుందని, ముఠా చెయ్యలేనిది జనమే చేసిపెడతారని ఇంజనీరు గోలపెట్టాడు. ఏదో ఒక మనిషి గొంతు వినిపించాలన్నాడు. తను మైకు పట్టుకున్నాడు గానీ సన్న గొంతు కాస్తా పూర్తిగా పూడుకుపోయింది.

తాపీ వెళ్లి అక్క కుర్చీలో కూర్చున్నాడు. ఇంజనీరు వద్దనలేదు. వేషాలు మార్చాడు, యాసలు మార్చాడు, ఇరవై ఆరేళ్లలో తన సొంత గొంతుతో బయట ఎక్కడా మాట్లాడిన గుర్తు లేదు. మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"ఈ మార్గంలోని అన్ని లైన్లూ రద్దీగా ఉన్నాయి" అన్నాడు. కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "దయచేసి కాసేపాగి చెయ్యండి. లైన్లు బాగానే ఉన్నాయి. మేం ఇక్కడే ఉన్నాం."

చివరి రెండు వాక్యాలూ ప్రకటనలో లేవు. అతనే కలిపాడు. తర్వాత తన నోటికొచ్చిన అక్క ప్రకటనలన్నీ వరసగా చదివి రికార్డు చేశాడు. పన్నెండు ఇరవైకి ఎర్రదీపాలు తగ్గాయి. ఒంటిగంటకి గోడంతా పచ్చగా అయింది. ఓడరేవులో క్రేన్లు కదిలాయని ఎవరో కబురు పెట్టారు.

ముఠా ఒక పళ్ల డాక్టరు క్లినిక్ పై అంతస్తులో దొరికింది. ముగ్గురు వెనక మెట్ల మీంచి పారిపోతూ పట్టుబడ్డారు. కోయిల మాత్రం హెడ్‌ఫోన్ కూడా తియ్యకుండా లైన్లోనే కూర్చుని ఉందట. వాళ్ల కంప్యూటర్లలో ఉన్నదంతా, అక్క నాలుగొందల గంటలతో సహా, పోలీసులు తలుపు పగలగొట్టేలోపే ముఠావాళ్లు చెరిపేశారు. తాపీ ఆమెని ఒక్కటే అడిగాడు, అక్క నిజంగా ఆ మాట అన్నదా అని. కోయిల అతని ముఖంలోకి చూసింది. "గుర్తులేదు" అంది. అది జాలో, పగో, నిజమో అతనికి తెలియలేదు. ఆ సంగతి ఇంకెప్పటికీ తెలియదు.

వారం తిరక్కుండానే కొత్త చిక్కు వచ్చిపడింది. తాపీ పండ్ల దుకాణంలో కిలో ఎంతని అడిగితే చాలు, దుకాణం మనిషి "మీరు రద్దీ అన్నయ్య కదూ!" అంటున్నాడు. బస్సులో కండక్టరు గుర్తుపట్టాడు. దేశం మొత్తం గొంతు గుర్తుపట్టే మనిషిని ఏ వేషంలో ఎక్కడికి పంపుతారు? డైరెక్టర్ కొత్త పెన్సిల్ చెక్కుతూ బదిలీ ఆర్డరు చేతికిచ్చాడు. ఎక్స్ఛేంజిలో ప్రకటనల విభాగం, పగలు డ్యూటీ, రహస్యమేమీ లేదు.

ఆ సాయంత్రం తాపీ గదికొచ్చి, కాళ్లు కడుక్కుని, తాపీగా కూర్చుని అక్క ఇంటి నంబరు తిప్పాడు. రెండుసార్లు క్లిక్ మని, లైన్ కలిసింది.

"మీరు డయల్ చేసిన నంబరు ఇప్పుడు లేదు. దయచేసి ఒకసారి సరిచూసుకోండి" అంది మగగొంతు.

ఇరవై ఆరేళ్లుగా ఆ నంబరుకి ఫోన్ చేసి అబద్ధాలు తప్ప ఇంకేమీ చెప్పని గొంతు, ఈసారి మాత్రం ఉన్నమాటే చెప్పింది.